బోండాకి కోపమొచ్చిందట!

కుక్కకి కోపమొస్తే పళ్ళు చూపించి మీదికొస్తుంది. పిల్లికి విసుగొస్తే గోటితో ఒక గీటు పెట్టి అవతలికి పోతుంది. హెడ్జ్‌హాగ్‌కి ఆ రెండూ అంతగా చేతకావు. అరచేతుల్లో పట్టే ప్రాణి, కొరికి గెలిచేంత నోరు లేదు. దానికున్న ఉపాయమల్లా ఒకటే. ఉన్నచోటే ముడుచుకుని, వీపు మీద ముళ్ళు నిక్కబొడిచి, ముక్కుతో బుస్సుబుస్సుమంటుంది. చూసేవాళ్ళకి అది అచ్చం కోపంలాగే ఉంటుంది. మా మనవరాలికీ అలాగే కనిపించింది.

ఆ పిల్ల ఉండేది అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో డాలస్ పక్కన. పుట్టినరోజుకి కుక్కపిల్ల కావాలని పేచీ పెడితే, వాళ్ళమ్మా నాన్నా బేరాలాడి బేరాలాడి చివరికి హెడ్జ్‌హాగ్ దగ్గర రాజీ కుదుర్చుకున్నారు. దాని పేరు బోండా. వచ్చిన కొత్తలో ఒళ్ళో పడుకునేదట, చేత్తో పురుగు పెడితే తినేదట. ఉన్నట్టుండి ముట్టుకుంటే చాలు బుస. "తాతయ్యా, బోండాకి నా మీద కోపమొచ్చింది. నేనేం చెయ్యలేదు, ఒట్టు! నువ్వు కాలేజీలో జువాలజీ చెప్పేవాడివి కదా, ఎందుకో చెప్పు" అని వీడియో కాల్‌లో నిలదీసింది. తనకి చెప్పిందే కాస్త వివరంగా మీకూ చెబుతాను. మనలో దీన్ని పెంచేవాళ్ళు ఏ నలుగురో ఉంటారు, అయినా సంగతి మాత్రం అందరూ వినదగిందే.

ముందు ఈ బోండా ఎవరో తెలియాలి. ఇది మన ఏదుపంది కాదు. ఏదుపంది ఎలుకల జాతిది, జానెడు ముళ్ళుంటాయి, అవి ఊడివచ్చి మీదపడ్డ కుక్క మూతిలో దిగబడతాయి. హెడ్జ్‌హాగ్ చుంచుకి దగ్గరి చుట్టం. పురుగులు దాని ముఖ్యాహారం. ముల్లు మహా అయితే రెండు సెంటీమీటర్లుంటుంది, ఊడొచ్చి గుచ్చుకోదు. ఇళ్ళలో పెంచేది ఆఫ్రికా పిగ్మీ హెడ్జ్‌హాగ్. శాస్త్రజ్ఞులు అటెలెరిక్స్ ఆల్బివెంట్రిస్ అంటారు. వెనక కాళ్ళకి నాలుగేసి వేళ్ళే ఉండటం దీని గుర్తు. పశ్చిమాన సెనెగల్ నుంచి తూర్పు ఆఫ్రికా దాకా, దక్షిణాన జాంబియా దాకా ఉన్న గడ్డి మైదానాలు దీని పుట్టిల్లు. పగలంతా ఏ రాతి సందులోనో పడుకుంటుంది. పొద్దుగూకాక లేచి ఒంటరిగా పురుగుల వేటకు బయల్దేరుతుంది. బరువు 300 నుంచి 600 గ్రాములు. ఆయుష్షు నాలుగైదేళ్ళు.

1980ల చివర్లో అమెరికాలో దీనికి గిరాకీ పుట్టింది, ఆఫ్రికా నుంచి వేలకొద్దీ తెప్పించారు. పశువులకు గాలికుంటు రోగం అంటుతుందన్న భయంతో 1990ల మొదట్లో ఆ దిగుమతి ఆపేశారు. ఇప్పుడక్కడ అమ్మేవన్నీ అప్పట్లో వచ్చినవాటి సంతానమే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, కుక్క మనిషి పంచన చేరి పదిహేను వేల ఏళ్ళకు పైమాటే. ఈ బోండా వంశం మనిషి ఇంట్లో కాలుపెట్టి ముప్ఫయి నలభై ఏళ్ళు. పంజరంలో పుట్టినా లోపలున్నది అడవి ప్రాణే. మన వాసనకు, మన చేతి వెచ్చదనానికి అలవాటు పడుతుందే గానీ, మన మీద అలగడం, బెట్టు చెయ్యడం దాని బుర్రలో లేవు. మనవరాలికి నేను ముందు చెప్పిన మాట ఇదే: "తల్లీ, దానికి నీ మీద కోపం లేదు. దానికేదో తేడా చేసింది. ఆ తేడా ఏమిటో మనం వెతకాలి."

వెతికే ముందు ఆ బుస ఎలా పుడుతుందో చూద్దాం. హెడ్జ్‌హాగ్ వీపు చర్మం కింద పలచటి కండరాల పొర ఉంటుంది. ఆ పొర అంచు చుట్టూతా మందపాటి కండరం ఒకటి తిరిగి ఉంటుంది. మా నానమ్మ బొడ్లో దోపుకునే వక్కల తిత్తికి మూతి చుట్టూ తాడుండేది, లాగితే మూతి బిగుసుకునేది. ఈ కండరం చేసే పనీ అదే. అది బిగిసిందంటే తల, కాళ్ళు, మెత్తటి పొట్ట అన్నీ లోపలికి పోతాయి, బయట ముళ్ళే మిగులుతాయి. నుదుటి దగ్గర ఇంకో కండరం ఉంది. అది నుదుటి ముళ్ళను కళ్ళ మీదికి లాగుతుంది. "బోండా మొహం చిట్లిస్తోంది" అని మనవరాలు అన్నది దీన్నే. పైనుంచి ఏదో మీద పడబోతోందని అనుమానం రాగానే ముందు జరిగేది ఈ నుదుటి ముడి. అనుమానం ముదిరితే బుస, ఆపైన నాలుకతో చేసినట్టు ఠక్‌ఠక్‌మని చప్పుడు. ఇంకా ముదిరితే ఒళ్ళు చటుక్కున ఎగరేస్తుంది, మూతి పెట్టబోయిన నక్కకో గుడ్లగూబకో ముళ్ళు తగలాలని.

ఒంటి మీద ముళ్ళు 3,000 నుంచి 5,000 దాకా ఉంటాయి. మనకు భయమేసినప్పుడో చలేసినప్పుడో రోమాలు నిక్కబొడుచుకోవడానికి ప్రతి వెంట్రుక మొదట్లో చిన్న కండరం ఉంటుంది కదా, అలాంటిదే ప్రతి ముల్లుకీ ఉంది. అసలు ముల్లంటేనే మార్పు చెందిన వెంట్రుక. అందులో ఉండేది కెరటిన్. లోపల గుల్ల, ఆ గుల్లలో అడ్డంగా సన్నటి పలకలు. అందుకే తేలిగ్గా ఉంటుంది, వంగుతుంది, విరగదు. చర్మానికి ఆనే చోట ముల్లు సన్నబడి ఉంటుంది, చర్మం లోపల చివర గుండ్రటి బుడిపె ఉంటుంది. గట్టున్నుంచి జారి కింద పడ్డా ఆ సన్నటి చోట వంగి దెబ్బను మింగేస్తుంది, ముల్లు తిరగబడి ఒంట్లోకి దిగదు. ఈ బుడిపెను గుర్తుపెట్టుకోండి, దాంతో పనుంది.

ఇక నా ప్రశ్నలు. దాని వయసెంత? పది వారాలు దాటిందట. పక్కబట్టలో ముళ్ళు రాలి కనిపిస్తున్నాయా? కనిపిస్తున్నాయి, పొద్దున్నే దులిపితే బోలెడు. సగం సంగతి అక్కడే తేలిపోయింది.

హెడ్జ్‌హాగ్ పుట్టేటప్పుడే ముళ్ళతో పుడుతుంది. మరి తల్లికి గుచ్చుకోదా అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. పుట్టే వేళ దాని వీపు చర్మం నీరు పట్టి ఉబ్బి ఉంటుంది, ముళ్ళు ఆ ఉబ్బు కింద దాగి ఉంటాయి. పుట్టిన కొన్ని గంటల్లో నీరు ఇంకిపోయి తెల్లటి మెత్తటి ముళ్ళు ఓ వంద పైచిలుకు బయటపడతాయి. ఒకటి రెండు రోజుల్లో వాటి మధ్య నుంచి రంగున్న ముళ్ళు మొదలవుతాయి. ఇవన్నీ పసి ముళ్ళు, సన్నవి. ఆరెనిమిది వారాల వయసు నుంచి ఇవి రాలుతూ, వాటి చోట పెద్ద ముళ్ళు వస్తాయి. లావైన ముల్లు సన్నటి రంధ్రంలోంచి చర్మాన్ని తోసుకుని రావాలి. అదీ ఒకటీ రెండూ కాదు, వీపంతా. అయిదారు నెలల వయసు వచ్చేదాకా ఇది విడతలు విడతలుగా సాగుతుంది. ఆ వీపు మీద చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నిన్నటిదాకా ఒళ్ళో పడుకున్న బోండా ఇవాళ బుసకొట్టిందంటే వింతేముంది!

అయితే రాలిన ముల్లు చూడగానే "ఓహో ఇదే" అని కూర్చోకూడదు. ముళ్ళు రాలడానికి ఇంకో కారణమూ ఉంది. అందుకని మనవరాలితో ఒక పని చేయించాను. రాలిన ముల్లును తెల్ల కాగితం మీద పెట్టి, భూతద్దం కింద ఫోటో తీసి పంపమన్నాను. ముల్లు మొదట్లో ఆ గుండ్రటి బుడిపె శుభ్రంగా ఉంది. తరవాత గోరువెచ్చని నీళ్ళలో స్నానం చేయిస్తూ, తడిసిన వీపును దగ్గరగా చూడమన్నాను. తడిస్తే ముళ్ళ సందుల్లో చర్మం బాగా కనిపిస్తుంది. ముళ్ళు రాలిన చోటల్లా చర్మంలోంచి నల్లటి సూది మొనలు అప్పుడే తలెత్తుతున్నాయి. బోడి మచ్చలు లేవు, పొట్టు రాలడం లేదు. ఇది ముళ్ళు మారే ఈడు, అంతే.

మొనలు రాకుండా బోడిగా మిగిలితే, ముల్లు మొదట్లో పొరలు అంటుకుని ఉంటే, పక్కబట్ట మీద తెల్లటి పొట్టు రాలుతుంటే, రాత్రింబవళ్ళు వెనక్కాలితో బరబరా గోక్కుంటుంటే కథ వేరు. అవి మైట్లు, కంటికి సరిగా ఆనని సన్న పురుగులు. హెడ్జ్‌హాగ్‌లకి తరచూ పట్టేదాని పేరు కాపరీనియా. కొత్తగా తెచ్చిన రంపపు పొట్టులోనో, వేరే హెడ్జ్‌హాగ్ నుంచో వస్తాయి. దురదతో ఏ ప్రాణికైనా చిరాకే. దీనికి మందుంది, కానీ డాక్టరు తూచి ఇవ్వాల్సిన మందు. కుక్కలకు వాడేది ఇంట్లో ఉందని, అందులో ఒక చుక్క వేసేస్తే పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అర కిలో అటూ ఇటూ ఉండే ప్రాణికి ఒక చుక్క ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుంది. ఇలాగే తామర కూడా పడుతుంది. అది మనుషులకూ అంటుతుంది, చేతుల మీద ఎర్రటి గుండ్రాలు లేస్తాయి. ఇంట్లో ఎవరికైనా అలాంటివి వస్తే చర్మం డాక్టరుకి మా ఇంట్లో హెడ్జ్‌హాగ్ ఉందని మరవకుండా చెప్పండి.

ముళ్ళు మారేటప్పుడు చెయ్యగలిగింది కొద్దే. కాళ్ళు మునిగేంత గోరువెచ్చని నీళ్ళు పోసి, ఓట్స్‌ని పాత మేజోడులో వేసి కట్టి ఆ నీళ్ళలో పిసికితే తెల్లటి జిగురు నీళ్ళొస్తాయి. అందులో కాసేపు నిలబెడితే చర్మానికి ఉపశమనం. వెంటనే మెత్తటి బట్టతో ఒత్తి పూర్తిగా ఆరబెట్టాలి, తడి ఒంటితో చలిపట్టిందంటే మళ్ళీ ఇంకో తలనొప్పి. ఒళ్ళో పెట్టుకోవచ్చు గానీ వీపు నిమరకూడదు. పొట్ట కింద అరచెయ్యి పెట్టి ఎత్తుకుని, దాని మానాన దాన్ని పడుకోనివ్వాలి. భయపడి అసలు ఎత్తుకోవడమే మానేస్తే, ముళ్ళు వచ్చేశాక కూడా మనిషంటే బెదురు మిగిలిపోతుంది.

చలి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చిరాకు ప్రాణాపాయానికి ముందు మెట్టు కావచ్చు. యూరప్ హెడ్జ్‌హాగ్ చలికాలమంతా నిద్రపోతుంది. మెలకువలో నిమిషానికి 190 సార్లు కొట్టుకునే గుండె ఆ నిద్రలో 20 సార్లకు దిగుతుంది, ఒళ్ళు చుట్టూ ఉన్న నేలంత చల్లబడుతుంది. ఆ నిద్రకోసం అది ఆకురాలే కాలమంతా తిని కొవ్వు పోగేసుకుంటుంది, ఆకులతో గూడు కట్టుకుంటుంది. మన బోండా పూర్వీకులున్న చోట మంచు కురిసే చలికాలమే లేదు. కానీ ఒళ్ళు చల్లబడితే నిద్రలోకి జారే గుణం మాత్రం దీనిలోనూ ఉంది. కొవ్వు నిలవ లేకుండా, సన్నాహం లేకుండా ఆ నిద్రలోకి జారితే రోగాన్ని తట్టుకునే శక్తి పడిపోతుంది, ఒక్కోసారి మళ్ళీ లేవదు.

దీనికి గది 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ వెచ్చగా ఉండాలి, వాళ్ళ లెక్కలో 75 నుంచి 80 ఫారన్‌హీట్. అమెరికాలో చలికాలం రాత్రిళ్ళు కరెంటు బిల్లు చూసుకుని థర్మోస్టాట్‌ని 68కి దింపేస్తారు, అంటే 20 డిగ్రీలు. దుప్పటి కప్పుకున్న మనకి అది హాయి, దానికి అపాయం. టెక్సస్ ఎండాకాలం ఏసీ ఇంకా విడ్డూరం. బయట నిప్పులు కురుస్తుంటాయి, అక్కడికెళ్ళినప్పుడు లోపల నేను స్వెట్టర్ వేసుకుని కూర్చుంటాను! పంజరం ఏసీ గాలి తగిలే చోట ఉంటే వేసవిలోనూ బోండా చల్లబడిపోగలదు. వెలుగు తగ్గినా ఇదే చిక్కు. రోజుకి 12 నుంచి 14 గంటలు వెలుగు లేకపోతే చలికాలం వచ్చిందనుకుంటుంది.

చల్లబడుతున్న హెడ్జ్‌హాగ్ మొదట చిరాగ్గా, బద్ధకంగా ఉంటుంది, సరిగా విచ్చుకోదు, తిండి వదిలేస్తుంది. తరవాత నడక తూలుతుంది. పొట్ట ముట్టుకుని చూడండి. ఎప్పుడూ గోరువెచ్చగా ఉండాల్సిన పొట్ట చల్లగా తగిలిందంటే ఆలస్యం చెయ్యకండి. చొక్కా లోపల ఛాతీకి ఆనించి పట్టుకుని, పైన ఒక దుప్పటి కప్పుకుని మెల్లిగా వెచ్చబెట్టాలి. వేడినీళ్ళలో ముంచడం, హీటరు ముందు పెట్టడం పనికిరావు, ఒక్కసారిగా వేడెక్కితే గుండె తట్టుకోదు. కదలిక వచ్చాక కూడా డాక్టరుకి చూపించాల్సిందే. పంజరానికి వెలుగు రాకుండా వేడి మాత్రమే ఇచ్చే సెరామిక్ హీటర్లు దొరుకుతాయి, దానికి థర్మోస్టాట్ జత చేస్తే రాత్రుళ్ళు నిశ్చింత. అలాగని వేడి ఎక్కువైనా ప్రమాదమే. 32 డిగ్రీలు దాటితే పొట్ట నేలకానించి కాళ్ళు బారజాపి రొప్పుతుంది.

చిరాకుకి ఇంకో కారణం వాసన. దాని గురించి మనవరాలు తనంతట తనే చెప్పింది. "అమ్మ ఎత్తుకుంటే ఇంకా ఎక్కువ చేస్తుంది తాతయ్యా" అని. వాళ్ళమ్మ సాయంత్రం పప్పులో ఇంగువ తిరగమోత వేసి, అదే చేత్తో బోండాని ఎత్తుకుంటుంది మరి. హెడ్జ్‌హాగ్‌కి చూపు అంతంతమాత్రం, బతుకంతా ముక్కు మీదే నడుస్తుంది. కొత్త సబ్బు, కొత్త లోషను, తాతగారి నొప్పుల బామ్, పక్కింటి కుక్క వాసన, ఏదైనా సరే, నిన్నటి మనిషి ఇవాళ దానికి పరాయివాడే. చేతికి తిండి వాసనుంటే బుసతో ఆగదు, వేలు రుచి చూస్తుంది కూడా. అది కసిగా కొరకడం కాదు, తినేదేమోనని పరీక్ష. వాసన లేని సబ్బుతో చేతులు కడుక్కుని, మనం తొడిగి విడిచిన పాత బనీను ఒకటి దాని పడకలో వేస్తే మన వాసన దానికి రోజూ తెలుస్తుంది.

ఈ వాసనల దగ్గరే హెడ్జ్‌హాగ్ ఒక వింత చేస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళు పిచ్చికుక్క రోగమేమోనని హడలిపోతారు. కొత్త వస్తువు దొరికితే దాన్ని నమిలి నమిలి నోట్లో నురగ తెప్పించుకుంటుంది, మెడ మెలితిప్పి ఆ నురగను నాలుకతో వీపు మీది ముళ్ళకు పూసుకుంటుంది. ఎందుకు చేస్తుందన్నదాని మీద శాస్త్రజ్ఞులకింకా ఏకాభిప్రాయం లేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ బ్రోడీ 1977లో ఒక సంగతి ప్రచురించాడు. విషం ఉన్న గోదురుకప్ప దొరికితే హెడ్జ్‌హాగ్ దాని విషగ్రంథిని నమిలి, ఆ విషం కలిసిన నురగను ముళ్ళకు రాసుకుంటుందని, అలాంటి ముల్లు గుచ్చుకుంటే మామూలు ముల్లు కంటే ఎక్కువ బాధ పెడుతుందని. నాకైతే ఈ వాదన నచ్చింది గానీ, లావెండర్ సబ్బుకీ తోలు చెప్పుకీ కూడా అదే నురగ ఎందుకు పూసుకుంటుందో దీనితో తేలదు. ఏమైనా ఆ పనిలో ఉన్నప్పుడు దాన్ని కదపకండి. మధ్యలో ఎత్తుకుంటే గట్టిగానే విసుక్కుంటుంది.

నిద్ర సంగతి చెప్పడానికేముంది! రాత్రంతా తిరిగే ప్రాణిని బడి నుంచి రాగానే మూడున్నరకి లేపితే, మనల్ని అర్ధరాత్రి లేపినట్టే. చీకటి పడ్డాక, అది లేచి నీళ్ళు తాగి కాసేపు పంజరంలో పెట్టిన చక్రంలో పరుగెత్తాక ఎత్తుకోమని చెప్పాను.

నొప్పి వల్ల వచ్చే చిరాకు కనిపెట్టడం కష్టం, ఎందుకంటే ముడుచుకుపోయిన ప్రాణిలో చూడాల్సినవన్నీ లోపలే ఉంటాయి. దీనికో ఉపాయం ఉంది. అడుగు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో దాన్ని వదిలి, అది విచ్చుకుని తిరిగేటప్పుడు డబ్బాని ఎత్తి కిందనుంచి చూడాలి. పాదాలు, గోళ్ళు, పొట్ట అన్నీ తెలుస్తాయి. ముఖ్యంగా చూడాల్సింది కాళ్ళ చుట్టూ దారప్పోగులు. పడకలో వేసిన బట్ట అంచున ఊడిన దారమో, పొడుగు జడలున్న ఆడపిల్లల ఇంట్లో రాలిన వెంట్రుకో కాలికి చుట్టుకుని బిగుసుకుపోతుంది. బయటికి కనిపించదు. కాలు వాచిపోతుంది, రక్తం ఆడక చివరికి వేలో పాదమో పోతుంది. మా మనవరాలిదీ నడుము దాకా జడ. ఇది చెప్పాక పడకబట్టలు ఫ్లీస్ అనే దారాలూడని మెత్తటి బట్టకి మార్చి, అంచులు లోపలికి మడిచి కుట్టారు. గోళ్ళు పెరిగి మెలితిరిగి అరికాల్లో గుచ్చుకోవడం ఇంకో రకం నొప్పి. ఊచల చక్రంలో కాలు ఇరుక్కుని బెణకడం మరో రకం, అందుకే చక్రానికి నిండు పలక ఉండాలి.

ఆడదాన్ని కొట్టు నుంచి తెచ్చి ఎక్కువ రోజులు కాకపోతే, అక్కడ మగవాటితో కలిపి ఉంచి ఉంటే, కడుపుతో ఉందేమో కూడా ఆలోచించాలి. 35 రోజుల్లో ఈనేస్తుంది. అప్పుడు గూడు కదిపినా, పిల్లల్ని ముట్టుకున్నా బెదిరిపోయి ఒక్కోసారి తన పిల్లల్ని తనే తినేస్తుంది. పంజరంలోకి తోడు కోసమని ఇంకోదాన్ని తేవడం కూడా తప్పే, ఇవి ఒంటరిగా బతికే ప్రాణులు.

మూడేళ్ళు దాటిన హెడ్జ్‌హాగ్ ఉన్నట్టుండి మారిందంటే మాత్రం నేను ముళ్ళ గురించీ వాసనల గురించీ మాట్లాడను. ఈ జాతిలో ఆ వయసులో కణుతులు, కేన్సర్లు చాలా ఎక్కువ. నోట్లో పుండు, పళ్ళ చిగుళ్ళ వాపు, ఆడవాటికి గర్భసంచిలో కణితి. మూత్రంలో రక్తం కనిపిస్తే అదే రోజు తీసుకెళ్ళాలి. ఇంకో దుర్మార్గపు జబ్బుంది, నడక తూలుడుతో మొదలై వెనక కాళ్ళ నుంచి ముందుకు పక్షవాతంలా పాకుతుంది. ఇది మాత్రం చాలావాటికి రెండేళ్ళలోపే మొదలవుతుంది. ఇంగ్లీషులో 'వాబ్లీ హెడ్జ్‌హాగ్ సిండ్రోమ్' అంటారు. మందు లేదు. తూలుడు కనిపించగానే ఇదేనని బెంబేలు పడక, ముందు పొట్ట చల్లగా ఉందేమో చూడండి. చలి వల్ల వచ్చిన తూలుడు వెచ్చబెడితే పోతుంది.

డాక్టరు అంటే ఏ పశువుల డాక్టరైనా సరిపోడు. కుక్కా పిల్లీ కాని పెంపుడు ప్రాణుల్ని చూసేవాళ్ళు వేరే ఉంటారు, జబ్బు రాకముందే ఆ ఫోన్ నంబరు రాసిపెట్టుకోవాలి. హెడ్జ్‌హాగ్ ముడుచుకుంటే డాక్టరు మాత్రం ఏం చూస్తాడు? అందుకని తరచూ ఐసోఫ్లురేన్ అనే మత్తువాయువు కొద్దిగా పట్టించి, అది మెత్తబడ్డాక నోరూ పొట్టా పరీక్షిస్తారు. ఇంటివాళ్ళు భయపడనక్కర్లేదు, అది మామూలు పద్ధతే.

ఇంట్లో చెయ్యాల్సిన పని ఒకటుంది. వారానికోసారి వంటింటి తూకం మిషను మీద గిన్నె పెట్టి బోండాని తూచి, గ్రాముల్లో బరువు రాసిపెట్టడం. బుస ఎన్నో కారణాల వల్ల వస్తుంది, తూకం మాత్రం అబద్ధమాడదు. ముళ్ళు మారే పిల్ల బుసకొడుతూనే తింటుంది, బరువు పెరుగుతుంది. రెండు మూడు వారాలు వరుసగా బరువు తగ్గిందంటే అది రోగమే, ఎంత ముద్దుగా ఒళ్ళో పడుకున్నా సరే. బోండా బరువు రాసే పుస్తకంలో అంకెలు పైకే పోతున్నాయి కాబట్టి నేనూ నిశ్చింతగా ఉన్నాను. బుస తగ్గి మళ్ళీ పెరిగిందని ఫోన్ వస్తే, ఇంకో విడత ముళ్ళు మొలుస్తున్నాయమ్మా అంటున్నాను.

ముద్దు అన్నాను కదా, ఒక హెచ్చరిక. హెడ్జ్‌హాగ్‌లు ఆరోగ్యంగా కనిపిస్తూనే సాల్మొనెల్లా సూక్ష్మజీవుల్ని మోస్తాయి. 2019లో అమెరికాలో వీటి వల్ల చాలా రాష్ట్రాల్లో జనానికి విరేచనాలు పట్టుకుంటే, అక్కడి ఆరోగ్యశాఖ వారి సీడీసీ సంస్థ హెడ్జ్‌హాగ్‌లని ముద్దుపెట్టుకోవద్దని ప్రకటనే ఇచ్చింది. అయిదేళ్ళలోపు పిల్లలకీ మాలాంటి ముసలివాళ్ళకీ అది గట్టిగా పడుతుంది. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు. అక్కడ ఉన్న మనవాళ్ళు ఇంకొకటి గమనించండి. కాలిఫోర్నియా, జార్జియా, హవాయి, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో, న్యూయార్క్ నగరంలో హెడ్జ్‌హాగ్‌ని పెంచడం చట్టవిరుద్ధం. టెక్సస్ నుంచి ఉద్యోగం మారి కాలిఫోర్నియా వెళ్ళేవాళ్ళు సామానుతో పాటు దీన్నీ తీసుకుపోదామంటే కుదరదు.

ఇదంతా చదివి మన పిల్లలెవరైనా "మన దగ్గర ఉండవా తాతగారూ" అని అడుగుతారు. ఉంటాయి. మన దేశంలో మూడు రకాల హెడ్జ్‌హాగ్‌లు ఉన్నాయి. రెండు రాజస్థాన్, గుజరాత్‌ల ఎండు నేలల్లో తిరుగుతాయి. మూడోది దక్షిణాదిది, మద్రాస్ హెడ్జ్‌హాగ్. తమిళనాడులో ఎక్కువ, కేరళలోనూ ఆంధ్రలోనూ కనిపించినట్టు నమోదయింది. ఎర్రనేలల్లో, తుప్పలున్న చోట, పొలం గట్ల మీద రాత్రిపూట పురుగులు ఏరుకు తింటుంది. దాన్ని పెంచుకుందామని ఇంటికి తేకండి. ఆఫ్రికా రకం లాగా అది పంజరంలో పుట్టి పెరిగింది కాదు. రోడ్డు మీద ముడుచుకుని కనిపిస్తే తువ్వాలుతో ఎత్తి అది వెళ్తున్న వైపే తుప్పల్లో వదిలెయ్యండి, అలికిడి సద్దుమణిగితే దానంతట అదే విచ్చుకుని పోతుంది. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో దగ్గుకి నాటుమందని చెప్పి దీన్ని పట్టి చంపే అలవాటుంది, మన వైపు ఎవరైనా ఆ మాటంటే నమ్మకండి. ఆ ముళ్ళలో మందేమీ లేదు. ఉన్నది కెరటిన్, మన గోళ్ళలో ఉండేదే.